రెండు విండోల మధ్య పేజీ ఎంతసేపట్లో మారిందో కొలవడం ఎలా? నంబర్లు మైనస్‌లో వస్తున్నాయి

తెరపక్కన_ల్యాప్‌టాప్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మాది తెనాలి. మా బాబాయి పద్యనాటకాలకి హార్మోనియం వాయిస్తారు. ఆయన సమాజం వాళ్ళు ఈ మధ్య, కాలేజీ పిల్లలు నాటకానికి వస్తున్నారు గానీ పద్యం అర్థం కాక ఫోన్లు చూస్తూ కూర్చుంటున్నారు, ఏదన్నా చెయ్యరా అని నన్ను అడిగారు. స్టేజి పక్కన ఒక తెర కట్టి, నటుడు పద్యం ఎత్తుకోగానే ఆ పద్యం పెద్దక్షరాల్లో, కింద చిన్నగా తాత్పర్యం పడేలా చెయ్యాలి, అదీ పని. నేను రెండేళ్ళుగా ఫ్రంటెండ్ (వెబ్ పేజీలు తయారుచేసే పని) చేస్తున్నా కాబట్టి బ్రౌజర్లోనే చేసేద్దాం అనుకున్నా.

సెటప్ ఇది. ఒకటే ల్యాప్‌టాప్, క్రోమ్, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ప్రొజెక్టర్, డిస్‌ప్లే ఎక్స్‌టెండ్ మోడ్‌లో. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద ఆపరేటర్ విండో, అందులో పద్యాల లిస్టు. దాంట్లోంచి విండో.ఓపెన్‌తో ఒక చైల్డ్ విండో తెరిచి ప్రొజెక్టర్ మీదకి లాగి పెడతా. పద్యం మీద క్లిక్ చేస్తే చైల్డ్.లొకేషన్‌ని ఆ పద్యం పేజీకి మారుస్తా. ఒక్కో పద్యానికి ఒక్కో హెచ్‌టీఎమ్ఎల్ పేజీ, మొత్తం 58.

మొన్న రిహార్సల్‌లో దర్శకుడు గారు "బాబూ పద్యం తెర మీదకి లేటుగా వస్తోంది, వాడు రెండో పాదంలో ఉన్నాడు" అన్నారు. ఎంత లేటో ముందు కొలుద్దాం అని కూర్చున్నా, అక్కడే మొత్తం చిక్కుపడింది.

మొదట క్లిక్ అయినప్పుడు ఆపరేటర్ విండోలో పెర్ఫార్మెన్స్.నౌ (బ్రౌజర్ ఇచ్చే మిల్లీసెకన్ల లెక్క) తీసుకుని, చైల్డ్ పేజీ లోడ్ అయినప్పుడు అక్కడ పెర్ఫార్మెన్స్.నౌ తీసుకుని, దీంట్లోంచి అది తీసేస్తే మైనస్ నలభై లక్షలు, మైనస్ యాభై లక్షలు అని వస్తోంది. సరే అని అది వదిలేసి ఆపరేటర్ విండోలోనే సెట్‌ఇంటర్వల్ పెట్టి ప్రతి 100 మిల్లీసెకన్లకి చైల్డ్.డాక్యుమెంట్.రెడీస్టేట్ (పేజీ లోడ్ ఎంతదాకా వచ్చిందో చెప్పేది) కంప్లీట్ అయిందా అని చూశా, అప్పుడు చాలాసార్లు మొదటి చెక్‌లోనే కంప్లీట్ అంటోంది, తెర మీద చూస్తే ఇంకా పాత పద్యమే ఉంది. ఇంకొన్నిసార్లు సరిగ్గా 1000 దగ్గర, 2000 దగ్గర ఆగుతోంది, మధ్యలో నంబరే రాదు.

ఇంకో రెండు తలనొప్పులు. నాటకం మొదలయ్యే ముందు అరగంట పాటు పాత్రధారుల పరిచయం స్లైడ్లు తిరుగుతూ ఉండాలి, 12 సెకన్లకి ఒకటి. టైమర్ ఆపరేటర్ విండోలో ఉంది, ఒకటి అవ్వగానే ఇంకోటి మొదలయ్యేలా సెట్‌టైమౌట్ లోంచి మళ్ళీ సెట్‌టైమౌట్. మొదట్లో బాగానే తిరుగుతాయి, కాసేపయ్యాక నిమిషానికి ఒకటి మారుతున్నాయి. ఆ టైమ్‌లో నేను ల్యాప్‌టాప్ మీద స్క్రిప్టు పీడీఎఫ్ పెద్దది చేసి చూసుకుంటూ ఉంటా, ఇంకేం ముట్టుకోను.

రెండోది, ఇంట్లో వీఎస్ కోడ్ లైవ్ సర్వర్‌లో అంతా పనిచేస్తుంది. హాల్లో బాబాయి వాళ్ళ ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే చైల్డ్ తెరుచుకుంటుంది, పేజీ కూడా మారుతుంది, కానీ కొలిచే కోడ్ మొత్తం ఎర్రర్, కన్సోల్‌లో "ఆరిజిన్ నల్" అని ఏదో ఎర్రగా వస్తోంది.

నెలాఖరుకి ప్రదర్శన ఉంది. ఎవరైనా దారి చూపిస్తే మా సమాజం మొత్తం తరఫున థాంక్స్ చెప్పుకుంటా.

---

కామా_మర్చిపోయా

పెర్ఫార్మెన్స్.నౌ బదులు రెండు చోట్లా డేట్.నౌ పెట్టు బ్రో, మైనస్ పోతుంది. ఒకే ల్యాప్‌టాప్ కదా, గడియారం ఒకటే. నేను అలాగే చేస్తా ఎప్పుడూ.

---

క్యాల్‌బ్యాక్_అక్క

పైన తమ్ముడు చెప్పింది తప్పు కాదు, మైనస్ పోతుంది నిజమే, కానీ డేట్.నౌ అనేది గోడ గడియారం లాంటిది, సిస్టమ్ మధ్యలో ఇంటర్నెట్ టైమ్‌తో సరిచేసుకుంటే ముందుకో వెనక్కో జరుగుతుంది. అది నీ కొలత మధ్యలో జరిగితే ఆ ఒక్క రీడింగ్ పాడైపోతుంది, అది పాడైందని నీకు తెలిసే మార్గం కూడా ఉండదు. అందుకని దాని మీద ఆధారపడొద్దు అంటాను.

నీ సమస్యలకి కారణం ఒక్కటే కాదు, అన్నీ కలిపి చూస్తే అర్థం కావు, విడదీసి చెప్తాను.

మైనస్ ఎందుకంటే పెర్ఫార్మెన్స్.నౌ సున్నా అనేది ప్రతి డాక్యుమెంట్‌కి వేరు. ఆపరేటర్ విండో తెరిచి గంట పైన అయిందనుకో, అక్కడ నౌ నలభై లక్షల మిల్లీసెకన్లు దాటి ఉంటుంది. చైల్డ్‌లో పద్యం పేజీ ఇప్పుడే పుట్టింది, దాని నౌ 150 ఉంటుంది. పేజీ మారిన ప్రతిసారీ మళ్ళీ సున్నా నుంచి మొదలు. ఇద్దరు మనుషులు వేరు వేరు టైమ్‌లో స్టాప్‌వాచ్ నొక్కి ఆ రెండు వాచీల్లో ఒకదాంట్లోంచి ఒకటి తీసేసినట్టు అన్నమాట. దీనికి మందు పెర్ఫార్మెన్స్.టైమ్ఆరిజిన్. ఆ వాచీ ఎప్పుడు నొక్కారో అది చెప్తుంది, 1970 నుంచి లెక్కేసిన మిల్లీసెకన్లలో. కాబట్టి రెండు విండోల్లోనూ టైమ్ఆరిజిన్ ప్లస్ నౌ తీసుకుంటే రెండూ ఒకే కొలబద్ద మీదకి వస్తాయి, అప్పుడు తీసివెయ్యి.

ఇంకో మంచి సంగతి ఏంటంటే పద్యం పేజీ టైమ్ఆరిజిన్ అంటేనే దాదాపు ఆ నావిగేషన్ మొదలైన క్షణం. కాబట్టి చైల్డ్ టైమ్ఆరిజిన్ లోంచి నీ క్లిక్ టైమ్ తీసేస్తే, నీ ఆపరేటర్ కోడ్ ఎంత సేపు నానబెట్టిందో తెలుస్తుంది. మిగతాది పేజీ లోపల పట్టిన టైమ్. ఈ రెండు ముక్కలు విడిగా రాసుకో, ఎక్కడ లేటో అప్పుడే తెలుస్తుంది, కలిపి ఒక నంబర్ చూస్తే ఏమీ తెలియదు. క్లిక్ టైమ్ కూడా హ్యాండ్లర్ (క్లిక్ అయితే నడిచే కోడ్) లోపల నౌ పిలిచి కాకుండా ఈవెంట్.టైమ్‌స్టాంప్ తీసుకో, అది మౌస్ నొక్కినప్పటిది, అది కూడా అదే టైమ్ఆరిజిన్ నుంచి లెక్కే. ఆపరేటర్ విండోలో ఏదైనా బరువైన పని నడుస్తూ హ్యాండ్లర్ ఆలస్యంగా మొదలైతే ఆ ఆలస్యం కూడా లెక్కలోకి వస్తుంది.

ఒక్క జాగ్రత్త, కొన్ని బ్రౌజర్లలో ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్తే నౌ ఆగిపోతుంది, లేచాక టైమ్ఆరిజిన్ ప్లస్ నౌ వెనకబడి ఉంటుంది. మూత మూసి తెరిస్తే రెండు విండోలూ ఒకసారి రీలోడ్ చేసుకో, అంతే.

రెండోది, మొదటి చెక్‌లోనే కంప్లీట్ అని రావడం. లొకేషన్ మార్చిన వెంటనే పేజీ మారదు, బ్రౌజర్ "సరే మారుస్తాలే" అని తీసుకుంటుంది అంతే. కొత్త పేజీ డేటా రావడం మొదలయ్యే దాకా ఆ విండోలో ఉన్నది పాత పద్యమే, అది ఎప్పుడో కంప్లీట్. నువ్వు చూస్తున్నది దాని రెడీస్టేట్. విండో.ఓపెన్ చేసిన కొత్తల్లో కూడా అంతే, అబౌట్ బ్లాంక్ అనే ఖాళీ పేజీ ఉంటుంది, అది కూడా కంప్లీటే. అందుకే బయటి నుంచి తొంగి చూసే పద్ధతి నాకు అసలు నచ్చదు. పేజీ తనే "నేను వచ్చాను" అని చెప్పాలి.

1000, 2000 దగ్గర ఆగడం, పరిచయం స్లైడ్లు నిమిషానికొకటి మారడం, ఈ రెండూ ఒకటే జబ్బు. నువ్వు క్లిక్ చేసి పీడీఎఫ్ మీదకి వెళ్ళిపోతున్నావు కదా, ఆపరేటర్ విండో పూర్తిగా కప్పబడిపోతుంది. క్రోమ్ అలా పూర్తిగా కప్పబడ్డ విండోని కూడా కనపడని విండోగానే లెక్కేస్తుంది. కనపడని పేజీలో టైమర్లు సెకనుకి ఒకసారే. నీ 100 మిల్లీసెకన్ల ఇంటర్వల్ సెకను ఇంటర్వల్ అయిపోయింది, అందుకే అన్నీ వెయ్యి గుణిజాలు. క్రోమ్ 88 నుంచి, అంటే 2021 జనవరి నుంచి ఇంకో మెట్టు వచ్చింది: పేజీ కొంతసేపు (మొదట్లో ఐదు నిమిషాలు పెట్టారు) దాగి ఉండి, శబ్దం ఏదీ రాకుండా ఉండి, టైమర్ లోంచి టైమర్ ఐదుసార్లో అంతకు మించో గొలుసులా నడుస్తుంటే, దాన్ని నిమిషానికి ఒక్కసారే లేపుతుంది. నీ 12 సెకన్ల గొలుసు అచ్చంగా ఇదే. మొదట్లో బాగా తిరిగి తర్వాత మందగించింది అన్నావు చూడు, ఆ "తర్వాత" అనేది ఈ కోత మొదలైన క్షణమే.

కాబట్టి పరిచయం టైమర్ ఆపరేటర్ విండోలోంచి తీసేసి ప్రొజెక్టర్ విండోలో పెట్టు, అది ఎప్పుడూ కనపడుతూనే ఉంటుంది కాబట్టి దానికి ఈ కోత ఉండదు. పేజీ మారగానే ఆ పేజీ టైమర్లన్నీ చచ్చిపోతాయి కాబట్టి ప్రతి పరిచయం పేజీలోనూ 12 సెకన్ల తర్వాత తర్వాతి పేజీకి వెళ్ళే రెండు లైన్లు ఉండాలి. వెబ్ వర్కర్‌లో (పేజీ వెనక విడిగా నడిచే స్క్రిప్టులో) టైమర్ పెట్టి కూడా తప్పించుకోవచ్చు, కానీ నీ పనికి అది అనవసరం.

---

కామా_మర్చిపోయా

గడియారం మధ్యలో సరిచేసుకుంటుంది అనే విషయం నేను ఎప్పుడూ ఆలోచించలేదు అక్కా, థాంక్స్. మా ఆఫీసులో ఒక రిపోర్టులో అప్పుడప్పుడు వచ్చే వింత నంబర్లకి ఇదే కారణం అయ్యుండొచ్చు, రేపు పోయి చూస్తా.

---

గోల్కొండ_డీబగ్గర్

పెన్‌డ్రైవ్ సంగతి నేను చెప్తా, నాకు ఇదే దెబ్బ తగిలింది ఒకసారి.

డబుల్ క్లిక్ చేసి తెరిస్తే అడ్రస్ బార్‌లో ఫైల్ అని ఉంటది చూడు, హెచ్‌టీటీపీ కాదు. క్రోమ్ అట్లాంటి ప్రతి ఫైల్‌ని వేరే ఆరిజిన్ (అంటే వేరే సైటు) లెక్క చూస్తది, ఒకే ఫోల్డర్‌లో పక్కపక్కనే ఉన్నా సరే. ఫైర్‌ఫాక్స్ కూడా 68 వెర్షన్ నుంచి అట్లనే. అందుకే ఆరిజిన్ నల్ అని వస్తుంది. వేరే ఆరిజిన్ విండో అయితే నువ్వు దాని లొకేషన్ మార్చొచ్చు కానీ చదవలేవు, డాక్యుమెంట్ ముట్టుకుంటే సెక్యూరిటీ ఎర్రర్. అందుకే పేజీ మారుతుంది కానీ కొలత రాదు. నీ కోడ్‌ల తప్పేం లేదు భయ్యా.

బాబాయి ల్యాప్‌టాప్‌ల పైథాన్ ఉంటే ఆ ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి హెచ్‌టీటీపీ.సర్వర్ మాడ్యూల్ 8000 పోర్టు మీద నడిపియ్యి, ఒక్క లైన్ కమాండ్. నెట్ లేకున్నా నడుస్తది, అంతా ఆ మెషిన్ లోపలే. ఒక్కటి మాత్రం మర్చిపోకు, ఆపరేటర్ పేజీ లోకల్‌హోస్ట్ అని తెరిచి పద్యం లింకులల్ల 127.0.0.1 అని రాస్తే మళ్ళా అదే పంచాయితీ. మెషిన్ ఒకటే కానీ బ్రౌజర్‌కి అవి రెండు ఆరిజిన్లు. లింకులల్ల అడ్రస్ మొత్తం రాయకుండా ఫైల్ పేరు మాత్రమే రాయి, ఈ గొడవే ఉండదు.

ఇంక పేజీ తనే చెప్పాలి అని అక్క అన్నది కదా, దానికి కోడ్ ఎట్లుంటదో మాటల్లో రాస్తున్నా.

పద్యం పేజీలో: విండో.ఓపెనర్ (తనను తెరిచిన విండో) ఉందా చూడు, ఉంటే విండో.ఓపెనర్.పోస్ట్‌మెసేజ్‌తో పద్యం నంబరు, టైమ్ఆరిజిన్, నౌ మూడూ పంపు, రెండో ఆర్గ్యుమెంట్‌గా లొకేషన్.ఆరిజిన్ ఇయ్యి, స్టార్ (ఎవరికైనా సరే అని) పెట్టకు. ఆపరేటర్ పేజీలో మెసేజ్ ఈవెంట్ వినాలె, ఈవెంట్.ఆరిజిన్ మనదేనా చూసి అప్పుడు లెక్క రాసుకోవాలె. మెసేజ్ ఈవెంట్‌కి టైమర్ లెక్క కోత ఉండదు, పీడీఎఫ్ కింద దాగున్నా వస్తది. ఒకవేళ కొంచెం లేటుగా వచ్చినా ఫరక్ లేదు, టైమ్ అనేది పంపిన దగ్గరే వేసి పంపినం కదా.

ఇంకొకటి, చైల్డ్‌ని ఆంకర్ ట్యాగ్‌తో (మామూలు లింకుతో) టార్గెట్ బ్లాంక్ పెట్టి తెరవకు. ఇప్పటి బ్రౌజర్లలో దానికి ఓపెనర్ నల్ వస్తది, క్రోమ్‌లో అది కూడా 88 నుంచే. నువ్వు విండో.ఓపెన్ వాడుతున్నవు కాబట్టి సరే, కానీ ఫీచర్స్‌లో నోఓపెనర్ అని రాస్తే అది నీకు నల్ తిరిగిస్తది, చైల్డ్ మీద పట్టు పోతది. రెండో ఆర్గ్యుమెంట్‌గా విండోకి ఒక పేరు కచ్చితంగా ఇయ్యి. షో మధ్యలో ఆపరేటర్ పేజీ పొరపాటున రీఫ్రెష్ అయితే చైల్డ్ వేరియబుల్ పోతది కదా, అప్పుడు ఖాళీ అడ్రస్, అదే పేరుతో మళ్ళా విండో.ఓపెన్ అంటే ఉన్న విండోనే చేతికొస్తది, పేజీ మారదు. ఇది నాకు ఒక పెద్ద మీటింగ్‌ల ప్రాణం కాపాడింది.

---

తెరపక్కన_ల్యాప్‌టాప్

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్, రాత్రి కూర్చుని మార్చేశా. మైనస్ పోయింది, పరిచయం స్లైడ్లు అరగంట వదిలేసి చూశా, ఠంచనుగా 12 సెకన్లకి మారుతున్నాయి. పెన్‌డ్రైవ్‌లో ఒక బ్యాచ్ ఫైల్ పెట్టా, నొక్కితే సర్వర్ లేస్తుంది.

ఇప్పుడు కొత్త అనుమానం. క్లిక్ నుంచి చైల్డ్ లోడ్ ఈవెంట్ దాకా మా ల్యాప్‌టాప్‌లో 140 నుంచి 190 మిల్లీసెకన్లు వస్తోంది. అంటే సెకనులో ఐదో వంతు కూడా కాదు. కానీ దర్శకుడు గారు లేటు అంటున్నది దీన్నేనా? హాల్లో నేను కూడా చూశా, కంటికి తెలిసేంత ఆలస్యం ఉంది, దాదాపు సెకను. కొలత తప్పా, కన్ను తప్పా? పైగా నావిగేషన్ ఎంట్రీ (పేజీ లోడ్ టైమ్‌లు బ్రౌజర్ రాసిపెట్టే రికార్డు) తీసి లోడ్ఈవెంట్ఎండ్ చూస్తే ఎప్పుడూ సున్నాయే వస్తోంది.

---

క్యాల్‌బ్యాక్_అక్క

సున్నా సంగతి చిన్నదే. లోడ్ హ్యాండ్లర్ లోపలే లోడ్ఈవెంట్ఎండ్ అడుగుతున్నావు, ఆ ఈవెంట్ ఇంకా అయిపోలేదు కాబట్టి ఎండ్ లేదు. హ్యాండ్లర్ లోంచి సెట్‌టైమౌట్ సున్నాతో బయటికి వచ్చి అప్పుడు చదువు.

కన్ను తప్పు కాదు, నువ్వు కొలుస్తున్నది వేరేది. లోడ్ అంటే పేజీకి కావలసినవి వచ్చాయని, అక్షరాలు తెర మీద పడ్డాయని కాదు. పడిన క్షణానికి దగ్గరగా రావాలంటే రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్ లోపల ఇంకో రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్ పెట్టి అందులో నౌ తీసుకో. మొదటిది పెయింట్‌కి ముందు పిలుస్తుంది, రెండోది వచ్చేసరికి మొదటి ఫ్రేమ్ గీయడం అయిపోయి ఉంటుంది. ప్రొజెక్టర్ 60 హెర్ట్జ్ అయితే ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు, అంతకంటే సన్నగా కొలిచి లాభం లేదు. ఇది దాగిన విండోలో అసలు నడవదు కాబట్టి ప్రొజెక్టర్ విండోలోనే పెట్టాలి.

ఫాంట్ ఏం వాడుతున్నావు? అది చెప్పు ముందు.

---

తెరపక్కన_ల్యాప్‌టాప్

రామభద్ర అక్కా, గూగుల్ ఫాంట్స్ లింకు పెట్టా. హాల్లో నా ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తా.

---

క్యాల్‌బ్యాక్_అక్క

అనుకున్నా. ఆ హాల్లో మూడు వందల మంది ఫోన్ల మధ్య నీ హాట్‌స్పాట్ మీద ఫాంట్ రావాలి. వేరేగా చెప్పకపోతే, ఫాంట్ వచ్చేదాకా బ్రౌజర్ ఆ అక్షరాలు గీయకుండా చోటు ఖాళీగా ఉంచుతుంది, క్రోమ్‌లో అలా మూడు సెకన్ల దాకా ఆగుతుంది, అప్పటికీ రాకపోతే సిస్టమ్ ఫాంట్‌తో చూపించి, వచ్చాక మారుస్తుంది. ఇంట్లో ఒకసారి క్యాష్ అయిపోయింది కాబట్టి నీకు తెలియలేదు, బాబాయి గారి ల్యాప్‌టాప్‌లో అది ఇంకా క్యాష్ కాలేదు.

ఫాంట్ ఫైల్ డౌన్‌లోడ్ చేసి ఫోల్డర్‌లోనే పెట్టి ఫాంట్‌ఫేస్‌తో పిలువు, హెడ్‌లో ప్రీలోడ్ (ముందే తెచ్చుకో అని చెప్పే లైను) కూడా పెట్టు. కొలిచేటప్పుడు డాక్యుమెంట్.ఫాంట్స్.రెడీ అనే ప్రామిస్ తీరాక, అంటే ఫాంట్లు వచ్చాక, ఆ రెండు ఫ్రేముల కొలత తీసుకో. అప్పుడు వచ్చే నంబరు ప్రేక్షకుడు చూసేదానికి దగ్గరగా ఉంటుంది.

---

వన్స్‌మోర్_వెనకబెంచి

నేను ప్రోగ్రామర్‌ని కాదు పూర్తిగా, సభలకి, నాటకాలకి లైట్లు ప్రొజెక్టర్లు చూస్తుంటాను, కొద్దిగా జావాస్క్రిప్ట్ వచ్చు. మీ పని చూస్తే సంతోషంగా ఉందండి, పద్యం కింద తాత్పర్యం వేయడం అనేది ఎప్పుడో జరగాల్సింది. రెండు మూడు విషయాలు చెప్తా.

మీ జావాస్క్రిప్ట్ ఎంత కరెక్టుగా కొలిచినా అది హెచ్‌డీఎంఐ కేబుల్ దాటి బయట ఏం జరుగుతుందో చూడలేదు. ప్రొజెక్టర్ తన లోపల బొమ్మ సరిచేసుకోవడానికి కొంత టైమ్ తీసుకుంటుంది, ట్రెపిజాయిడ్ సరిచేసే కీస్టోన్ ఎక్కువ పెడితే ఇంకొంచెం. కేబుల్ వదిలేసి వైర్‌లెస్‌గా వేస్తే కంటికి కనపడేంత ఆలస్యం వస్తుంది, అలా మాత్రం చెయ్యకండి. దీన్ని కొలవడానికి ఫోన్‌లో స్లో మోషన్ చాలు. 240 ఫ్రేములు పెట్టి ల్యాప్‌టాప్ స్క్రీను, తెర రెండూ ఒకే షాట్‌లో వచ్చేలా తీయండి. మౌస్ నొక్కగానే ఆపరేటర్ పేజీలో బటన్ రంగు మారేలా పెట్టుకోండి. రంగు మారిన ఫ్రేమ్ నుంచి తెర మీద పద్యం వచ్చిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి, ఒక్కో ఫ్రేమ్ 4 మిల్లీసెకన్ల పైన కొద్దిగా. ఆ నంబర్‌లోంచి మీ కోడ్ చెప్పిన నంబరు తీసేస్తే మిగిలింది సుమారుగా ప్రొజెక్టర్‌ది. నేను ఏ కొత్త హాలుకి వెళ్ళినా ముందు ఇదే చేస్తా.

రెండోది, అసలు పేజీ ఎందుకు మార్చాలండీ? 58 పేజీలు బదులు ఒకటే పేజీ పెట్టి అందులోనే 58 పద్యాలూ ముందే లోడ్ చేసి ఉంచి, ఆపరేటర్ నుంచి నంబరు పోస్ట్‌మెసేజ్‌లో పంపితే ఆ పద్యం చూపించి మిగతావి దాచడమే. నావిగేషన్ లేదు, లోడ్ లేదు, ఫాంట్ ఒక్కసారే. పేజీ మారినప్పుడు క్షణం తెల్లగా మెరుస్తుంది చూశారా, చీకటి హాల్లో అది జనం కళ్ళకి కొడుతుంది, స్టేజి మీద ఉన్నవాళ్ళకి కూడా. నల్ల బ్యాక్‌గ్రౌండ్ పెట్టినా అప్పుడప్పుడు మెరుస్తుంది. ఇంకోటి, జావాస్క్రిప్ట్‌లో రిక్వెస్ట్‌ఫుల్‌స్క్రీన్‌తో ఫుల్‌స్క్రీన్ చేస్తే పేజీ మారగానే ఫుల్‌స్క్రీన్ పోతుంది. ఎఫ్ 11 నొక్కితే ఉంటుంది గానీ, ఒకటే పేజీ అయితే ఈ బాధే లేదు.

మూడోది ముఖ్యం. వన్స్ మోర్ పడితే ఏం చేస్తున్నారు? నటుడు మళ్ళీ అదే పద్యం ఎత్తుకుంటాడు, ఈలోపు మీరు తర్వాతి పద్యానికో ఖాళీ పేజీకో వెళ్ళిపోయి ఉంటారు.

---

తెరపక్కన_ల్యాప్‌టాప్

వన్స్ మోర్ అంటే చైల్డ్.హిస్టరీ.బ్యాక్ పెట్టానండి, ఒక బటన్. అది కూడా ఒక్కోసారి రెండు పద్యాలు వెనక్కి పోయినట్టు ఉంటోంది, ఎందుకో తెలియలేదు.

---

గోల్కొండ_డీబగ్గర్

బ్యాక్ వద్దు భయ్యా. పద్యం తర్వాత ఖాళీ పేజీకి పోయినవా లేదా, ఆపరేటర్ ఒకే పద్యం రెండుసార్లు నొక్కిండా, దాన్ని బట్టి హిస్టరీల మెట్లు మారుతాయి, నువ్వు ఎన్ని మెట్లు దిగినవో నీకే తెల్వదు. ఇప్పుడు నడుస్తున్న పద్యం నంబరు ఆపరేటర్ పేజీల ఒక వేరియబుల్‌ల పెట్టుకో, వన్స్ మోర్ అంటే అదే నంబరు మళ్ళా పంపు.

కొలత వైపు నుంచి కూడా బ్యాక్‌తో లొల్లే. బ్రౌజర్ పాత పేజీని గడ్డకట్టించి దాచిపెట్టి బ్యాక్ నొక్కగానే అట్లనే లేపే పద్ధతి ఒకటుంది, అట్ల లేచిన పేజీల లోడ్ ఈవెంట్ మళ్ళా రాదు, టైమ్ఆరిజిన్ పాతదే, నావిగేషన్ ఎంట్రీ పాతదే. పేజ్‌షో ఈవెంట్ ఒక్కటే వస్తది, దాంట్ల పర్సిస్టెడ్ అని ట్రూ ఉంటది. ఓపెనర్ పట్టుకుని ఉన్న విండోని క్రోమ్ మామూలుగా అట్ల దాచదు కాబట్టి నీకు ఇప్పుడు తగల్లేదు, రేపు ఓపెనర్ తీసేసి బ్రాడ్‌కాస్ట్ ఛానల్‌కి (ఒకే సైటు విండోలన్నీ వినే ఉమ్మడి దారికి) మారితే తగలొచ్చు. వెనకబెంచి అన్న చెప్పినట్టు ఒకటే పేజీ చేస్తే ఇదంతా మాట్లాడుకునే పనే లేదు, నా ఓటు కూడా దానికే.

---

క్యాల్‌బ్యాక్_అక్క

నాదీ అదే మాట. కానీ కొలిచే కోడ్ తీసెయ్యకు. ఒకే పేజీ అయితే టైమ్ఆరిజిన్ మారదు కాబట్టి లెక్క ఇంకా సులువు. క్లిక్ టైమ్‌ని నంబరుతో పాటు పంపు, చైల్డ్ చూపించాక రెండు ఫ్రేముల తర్వాత టైమ్ వేసి వెనక్కి పంపనీ. ప్రతి పద్యానికీ ఒక వరుస లోకల్‌స్టోరేజ్‌లో (బ్రౌజర్ డేటా దాచుకునే చోట) రాసుకో, ప్రదర్శన అయ్యాక కూర్చుని చూడొచ్చు. చివర్లో విండో మూసేటప్పుడు అన్‌లోడ్ ఈవెంట్‌లో అన్నీ ఒకేసారి రాద్దాం అనుకోకు, అది వస్తుందన్న నమ్మకం లేదు, కేబుల్ ఎవరి కాలికైనా తగిలి ల్యాప్‌టాప్ ఆగిపోయినా అంతే. ఎప్పటిది అప్పుడే రాసెయ్యి.

---

తెరపక్కన_ల్యాప్‌టాప్

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా, రిహార్సల్ అయింది నిన్న.

ఒకటే పేజీ చేశా, ఫాంట్ ఫోల్డర్‌లో పెట్టా, హాట్‌స్పాట్ అవసరమే లేదు ఇప్పుడు. క్లిక్ నుంచి అక్షరం పడేదాకా కోడ్ లెక్క ప్రకారం 25 నుంచి 40 మిల్లీసెకన్లు. ఫోన్‌లో స్లో మోషన్ తీసి బాబాయి, నేను కూర్చుని ఫ్రేములు లెక్కపెట్టాం, 31 ఫ్రేములు వచ్చాయి, అంటే 129 దగ్గర. కోడ్ 38 చెప్పింది, మిగతా తొంభై చిల్లర ప్రొజెక్టర్‌ది. అందులో గేమ్ మోడ్ అని ఉంటే పెట్టి చూస్తే ఇంకా తగ్గింది, ఎంతో మళ్ళీ లెక్కపెట్టాలి.

అన్నిటికంటే పెద్ద లేటు నాది అని లాగ్ చూశాక తెలిసింది. మైకులో ఆడియో రికార్డు చేసి పక్కన పెట్టి చూశాం, పద్యం మొదలైన సగం సెకను పైన అయ్యాక నేను నొక్కుతున్నా. నేను పద్యం మొదటి మాట విని నొక్కుతున్నా మరి. బాబాయి అన్నారు, మాట కోసం ఎందుకు ఆగుతావు, పద్యం ముందు నేను శ్రుతి అందిస్తా, వాడు రాగం తీస్తాడు, ఆ రాగాన్ని బట్టే ఏ పద్యమో తెలిసిపోతుంది, రాగం ఎత్తుకోగానే నొక్కు అని. నిన్న ఆయన పక్కనే కూర్చుని అలా నొక్కా. దర్శకుడు గారు ఈసారి ఇంకోటి అన్నారు, పద్యం ముందే పడిపోతే జనం చదివేసి నటుడి కోసం ఎదురుచూస్తున్నారు, ఒక్కో పాదం విడివిడిగా పడితే బాగుంటుంది అని.

పాదానికో క్లిక్ పెట్టాలా, లేక మొదటి పాదం క్లిక్‌తో వేసి మిగతావి టైమర్‌తో వెయ్యాలా అని ఆలోచిస్తున్నా.

---

వన్స్‌మోర్_వెనకబెంచి

క్లిక్కే పెట్టండి. ఒక పాదం చివర ఎంతసేపు రాగం తీస్తాడో ఆ రోజు జనాన్ని బట్టి ఉంటుంది, నటుడికే ముందు తెలియదు, టైమర్‌కి ఏం తెలుస్తుంది. స్పేస్ బార్‌కి తర్వాతి పాదం, వన్స్ మోర్‌కి ఒక అక్షరం మీట పెట్టుకుని, పీడీఎఫ్ బదులు స్క్రిప్టు కూడా ఆపరేటర్ పేజీలోనే చూపించండి. ఫోకస్ ఎప్పుడూ ఆ విండోలోనే ఉంటుంది, ఆల్ట్ ట్యాబ్ నొక్కే పని ఉండదు.

---

తెరపక్కన_ల్యాప్‌టాప్

స్క్రిప్టు ఆపరేటర్ పేజీలోనే, ఇది నాకు తట్టనే లేదండి. ఈ రాత్రికి అదే చేస్తా. ఆదివారం మళ్ళీ రిహార్సల్ ఉంది, లాగ్ నంబర్లు ఇక్కడ పెడతా.